ఆక్స్‌ఫర్డు వైద్యవార్తలు – ఒక గుణదోష విచారణ

విశ్వవిద్యాలయాలలో జరిగే వైద్య పరిశోధనలను గూర్చి మన పత్రికలలో తరచు వార్తలు వస్తూ ఉంటవి. విలేఖరి పరిశోధనాలయానికి పోయి, చూచి, విచారించి వ్రాసినవి వీటిలో తక్కువ. పెక్కింటికి మూలం ఆ విశ్వవిద్యాలయమే స్వయంగా వ్రాసి పంపిన పత్రికా ప్రకటన. వార్త వ్రాసేవారు, ఆ వార్త వలన మంచిపేరు పొందేవారు ఒకరే అయినప్పుడు, ఆ వ్రాతను కూడా ఒక రచనగా ఎంచి గుణదోష విచారణ చేయడం అవసరం. కవిత్వాన్ని విమర్శించేవారు మనకు కొల్లలుగా ఉన్నారు. పత్రికా ప్రకటనను విమర్శించేవారే కనబడరు.

ఇందుకు ఉదాహరణగా, 2020వ సంవత్సరంలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నుండి అయిదు నెలల తేడాతో వెలువడిన రెండు ప్రకటనలను తీసుకుంటున్నాను. రెండూ కోవిడ్ వ్యాధికి సంబంధించినవే. రెండూ మన ఊళ్ల దాకా వచ్చినవి. ఒకటి మన ఆసుపత్రులలోని మందును, మరొకటి మన భుజానికి వేసిన టీకాను గురించినది. మొదటిది చాలవరకు మంచి రచన అనీ, రెండవది కాదనీ నా అభిప్రాయం. ఏ కారణం చేతనో ఉన్నత పాఠశాలలో నేర్పే లెక్కలతోనే చూపవచ్చు.

మొదటి ప్రకటన 2020 జూన్ 16న వెలువడినది. పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే అనే ఇద్దరు ఆచార్యుల నాయకత్వాన 'రికవరీ' అనే పేరుతో ఒక పెద్ద చికిత్సా పరీక్ష ఆ మార్చి నెలలోనే ఆరంభమైనది. ప్రణాళిక వ్రాసిన తొమ్మిదవ రోజుకే మొదటి రోగి అందులో చేరినాడు. మూడు నెలలు తిరగకుండానే 175కు పైగా ఆసుపత్రులనుండి 11,500 మందికి పైగా రోగులు చేరినారు. ఎవరికి ఏ మందు ఇవ్వవలెనన్నది వైద్యుని ఇష్టానికి వదలక, కంప్యూటరు చేత చీటీ వేయించినట్లుగా నిర్ణయించారు. వైద్యుడే ఎంచుకొన్నట్లయితే, కోలుకొనేటట్లున్న వానికో, లేదా మరీ ప్రమాదంలో ఉన్న వానికో మందు ఇవ్వడానికి మనసు మొగ్గుతుంది. అప్పుడు ఫలితం మందుదో, మనిషిదో తేల్చడం కష్టం. చీటీ వేస్తే ఆ చిక్కు ఉండదు.

ఈ విధంగా 2,104 మందికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందును రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజుల వరకు ఇచ్చారు. మరి 4,321 మందికి మామూలు చికిత్స మాత్రమే జరిగినది. ఈ మందు కొత్తది కాదు. 1950ల చివరి నుండి ఉన్నదే. మన మందుల దుకాణాలలో కొద్ది రూపాయలకు దొరికేదే. వెంటిలేటరు మీద ఉన్నవారిలో ఇది మరణాలను సుమారు మూడవ వంతు తగ్గించినదనీ, ఆక్సిజన్ మాత్రం అవసరమైనవారిలో అయిదవ వంతు తగ్గించినదనీ, ఆక్సిజన్ అవసరం లేనివారికి ప్రయోజనం కనబడలేదనీ ప్రకటన చెప్పినది.

ఇందులో మెచ్చుకోదగినది ఏమనగా, రోగులందరినీ ఒక్క గంపలో వేసి ఒక్క అంకె చెప్పి ఊరుకోలేదు. వారిని మూడు తరగతులుగా విడదీసి దేనికది చెప్పినది. అంతేగాక 'మూడవ వంతు' అన్నచోటనే నిలిచిపోలేదు. మూడవ వంతు దేనిలో అన్న ప్రశ్న ఉన్నదిగదా! నూటికి ఇద్దరు చనిపోయే జబ్బులో మూడవ వంతు తగ్గితే నూటికి ఒక్క రోగి కూడా దక్కడు. నూటికి నలభై మంది చనిపోయేచోట తగ్గితే పదముగ్గురు దక్కుతారు. వెంటిలేటరు మీద ఉండి మామూలు చికిత్స పొందినవారిలో 28 రోజులలో నూటికి 41 మంది మరణించినట్లు ప్రకటనలోనే ఉన్నది. అట్టివారిలో సుమారు ఎనిమిది మందికి మందు ఇస్తే ఒక్క ప్రాణం దక్కుతుందని కూడా వ్రాశారు. ఇంతకంటె స్పష్టంగా వ్రాయడం కష్టం.

దోషాలు లేవని కాదు. పరిశోధన పత్రం లేకుండా వార్త ముందు వచ్చినది. ముద్రణకు ముందు ప్రతి ఆరు రోజుల తరువాత గాని బయటికి రాలేదు. ఆ ఆరు రోజులూ ప్రపంచంలోని వైద్యులు నాలుగు పేజీలైనా లేని ప్రకటనను పట్టుకొని చికిత్స మార్చుకోవలసి వచ్చినది. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 25 మందికి మందు ఇస్తే ఒక ప్రాణం దక్కుతుందని ప్రకటన అన్నది. తరువాత పత్రంలో అచ్చయిన అంకెలు చూడండి: మామూలు చికిత్స పొందినవారిలో 26.2 శాతం, మందు పొందినవారిలో 23.3 శాతం మరణించారు. తేడా 2.9. నూరును 2.9 చేత భాగిస్తే సుమారు 34. పాతిక, ముప్పదినాలుగు ఒకటి కావు. అయినను ప్రాణాలు పోతున్న రోజులలో ఆరు రోజులు దాచిపెట్టడం కంటె చెప్పడమే మేలని నేననుకొంటాను.

మన దేశానికి సంబంధించినంతవరకు ఆ ప్రకటనలో అతి ముఖ్యమైనది శీర్షికలో లేని మూడవ మాట. ఆక్సిజన్ అవసరం లేనివారికి ప్రయోజనం లేదన్నమాట. పత్రంలోని లెక్క ప్రకారం అట్టివారిలో మందు తీసుకొన్నవారు 17.8 శాతం, తీసుకోనివారు 14.0 శాతం మరణించారు. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చును, దీనినిబట్టి మందు చంపినదనడానికి లేదు. మేలు చేసినదనడానికి అసలే లేదు. కాని వార్త చేతులు మారేకొద్దీ 'చవకైన మందు, మూడవ వంతు మరణాలు' అన్న రెండు మాటలే మిగిలినవి. 2021లో రెండవ ఉధృతి వచ్చినప్పుడు ఇంటివద్ద ఉండి, ఆక్సిజన్ బాగానే ఉన్నవారు కూడా జ్వరం వచ్చిన మొదటి రోజులలోనే స్టెరాయిడ్ బిళ్లలు మింగినారు. అట్లు చేయవద్దని ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ డైరెక్టరు బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చినది. స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, దేహరక్షణ శక్తిని అణచుతుంది. అదుపులో లేని మధుమేహానికి ఇది తోడైనచోట మ్యూకర్‌మైకోసిస్, అనగా మనవారు బ్లాక్ ఫంగస్ అన్న జబ్బు, విజృంభించినది. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించినది. హైదరాబాదు కోఠిలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఈ రోగులతో నిండినది. ఇందులో తప్పంతా వార్తదేనని అనడం అన్యాయం. కాని ఎవరికి ఇవ్వకూడదో చెప్పే వాక్యం ఎవరికి ఇవ్వవలెనో చెప్పే వాక్యంతో సమానమైన అక్షరాలలో ఉండవలసినది.

ఇక రెండవ ప్రకటన. ఇది 2020 నవంబరు 23న వచ్చినది. ఆక్స్‌ఫర్డు, ఆస్ట్రాజెనెకా కంపెనీ కలసి తయారుచేసిన టీకాను గురించినది. మన దేశంలో పుణేలోని సీరం సంస్థ 'కోవిషీల్డ్' అన్న పేరుతో తయారు చేసినది ఇదే. టీకా 70.4 శాతం పనిచేసినదని ప్రకటన చెప్పినది. రెండు మోతాదు పద్ధతులు ఉన్నవనీ, ఒకదానిలో 62 శాతం, మరొకదానిలో 90 శాతం ఫలితం వచ్చినదనీ, మొదటిసారి సగం మోతాదు వేసిన పద్ధతిలోనే 90 వచ్చినదనీ కూడా చెప్పినది.

ఉపాధ్యాయులు దీనిని తమ తరగతికి అన్వయించి చూడవచ్చును. ఎ సెక్షనుకు ఒక ప్రశ్నపత్రం, బి సెక్షనుకు మరొక ప్రశ్నపత్రం ఇచ్చి, రెండు సెక్షన్ల మార్కులు కలిపి సగటు తీసి, 'మా పాఠశాల పిల్లల మార్కులు ఇంత' అని గోడమీద వ్రాస్తే తనిఖీ అధికారి ఊరుకుంటాడా? 70 శాతం ఫలితమిచ్చే పద్ధతిలో టీకా వేయించుకొన్నవారు ఆ పరీక్షలో ఒక్కరును లేరు. కొందరు ఒక పద్ధతిలో, కొందరు మరొక పద్ధతిలో వేయించుకొన్నారు.

సగం మోతాదు ఎట్లు వచ్చినదో ప్రకటన చెప్పలేదు. అది ముందుగా ఆలోచించి పెట్టుకొన్న ప్రయోగం కాదు. ఒక విడత టీకాలో ఎంత వైరస్ కణాలున్నవో రెండు పద్ధతులలో కొలిస్తే రెండు విధాలుగా వచ్చినది. కాంతిని ఎంత పీల్చుకొన్నదో చూచే పద్ధతిలో అంకె ఎక్కువ చూపినది. టీకాలో కలిపిన వేరొక పదార్థం ఆ కొలతను తప్పుదారి పట్టించినట్లు తరువాత తేలినది. ఎక్కువ చూపిన అంకెను నమ్మి మోతాదు తగ్గించగా కొందరికి సగమే పడినది. ఈ సంగతి నియంత్రణాధికారులకు తెలిపి, వారి సమ్మతితోనే పరీక్ష సాగించారు. కొలతలో తేడా రావడం ప్రయోగశాలలో సిగ్గుపడవలసిన విషయం కాదు. దానిని వార్తలో వదలివేయడమే దోషం.

మరొకటి ఇంతకంటె పెద్దది. సగం మోతాదు పొందినవారిలో 55 ఏండ్లు పైబడినవారు ఎవరును లేరు. కోవిడ్ ఎవరిని ఎక్కువగా కబళించినదో లోకమంతా ఎరుగును. వయస్సు సంగతి ఒకటి రెండు రోజులలో ఇతరుల నోట బయటపడినది. మంచి టీకా మీద అనవసరమైన అనుమానం మొలకెత్తినది అప్పుడే.

డిసెంబరు 8న లాన్సెట్ పత్రికలో పూర్తి అంకెలు వచ్చినవి. సగం మోతాదు పద్ధతిలో టీకా పొందిన 1,367 మందిలో 3గురికి, పొందని 1,374 మందిలో 30 మందికి జబ్బు వచ్చినది. పూర్తి మోతాదు పద్ధతిలో 4,440 మందిలో 27 మందికి, పొందని 4,455 మందిలో 71 మందికి వచ్చినది. తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడా దీనినుండి 90, 62 అన్న అంకెలను సుమారుగా రాబట్టగలడు. ఆ 90 శాతం మూడే మూడు కేసుల మీద నిలబడి ఉన్నదని కూడా గ్రహించగలడు. మూడుకు బదులు ఆరు వచ్చి ఉంటే? అప్పుడది 80. ఈ అంకెలు పట్టడానికి అర పేజీ చాలును.

అసలు కారణం మోతాదు కాక, రెండు సూదుల మధ్య వ్యవధి కావచ్చునని 2021 ఫిబ్రవరిలో అదే పరిశోధకులు చూపించారు. పూర్తి మోతాదులే వేసినవారిలో ఆరు వారాల లోపున రెండవ సూది వేస్తే 55 శాతం, పన్నెండు వారాలు దాటి వేస్తే 81 శాతం ఫలితం వచ్చినది. సగం మోతాదు జట్టులో చాలామందికి రెండవ సూది ఆలస్యంగానే పడినది. మన దేశంలో కోవిషీల్డ్ వ్యవధిని మొదట నాలుగు నుండి ఆరు వారాలుగా పెట్టి, 2021 మే నెలలో పన్నెండు నుండి పదహారు వారాలకు మార్చారు. టీకా కేంద్రాల వద్ద 'ఇప్పుడు కాదు, మళ్లీ రండి' అని తిప్పి పంపితే, సరుకు లేక చెప్పే సాకు అని జనం అనుకొన్నారు. సరుకు కొరత ఉన్నమాట నిజమే. శాస్త్రీయమైన కారణం కూడా ఉన్నదన్న సంగతిని జనానికి వివరించి చెప్పినవారు తక్కువ.

అతిశయోక్తి విలేఖరుల చేతిలో పుడుతుందని సాధారణంగా అంటారు. కార్డిఫ్ విశ్వవిద్యాలయంవారు 2014లో ప్రకటించిన ఒక పరిశీలన ఈ మాటను చాలవరకు తలక్రిందులు చేసినది. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు పంపిన 462 ప్రకటనలను వారు అసలు పత్రాలతో పోల్చి చూచారు. నూటికి 40 ప్రకటనలలో పత్రంలో ఉన్నదానికి మించిన సలహా ఉన్నది. జంతువులపై జరిగిన ప్రయోగాన్ని మనుష్యులకు అన్వయించి చెప్పడం 36 శాతంలో ఉన్నది. ప్రకటనలో అట్టి అన్వయం ఉంటే, వార్తలలో 86 శాతం దానిని అట్లే మోసుకొనిపోయినవి. ప్రకటనలో లేకుంటే 10 శాతమే స్వయంగా కల్పించినవి.

అట్లని నోరు మూసుకొని కూర్చోవడం ఉపాయమా? ఆక్స్‌ఫర్డే దానిని కూడా ఒకసారి చేసి చూచినది. పెనిసిలిన్‌ను మందుగా మార్చిన హోవర్డ్ ఫ్లోరీ విలేఖరులను దగ్గరకు రానిచ్చేవాడు కాడు. ఉన్న మందు నలుగురికి చాలదు, వార్త వస్తే వేలమంది తల్లిదండ్రులు వచ్చి గుమ్మంలో నిలుచుంటారని ఆయన భయం. అది న్యాయమైన భయమే. కాని 1942 ఆగస్టులో టైమ్స్ పత్రిక పెనిసిలిన్‌ను గూర్చి వ్రాసినప్పుడు, ఆల్మ్రోత్ రైట్ అనే లండను వైద్యుడు కీర్తి యావత్తు తన సహచరుడైన ఫ్లెమింగుకు చెందవలెనని జాబు వ్రాశాడు. ఆక్స్‌ఫర్డు తరఫున రాబర్ట్ రాబిన్సన్ మరొక జాబు వ్రాసినా, కథ అప్పటికే లోకంలో స్థిరపడినది. మన పాఠ్యపుస్తకాలలో కిటికీ, బూజు, ఫ్లెమింగు మాత్రమే ఉండడానికి ఆ మౌనం కూడా ఒక కారణం.

విశ్వవిద్యాలయాలు వార్తలతోపాటు అవకాశాలను కూడా ప్రకటిస్తూ ఉంటవి: పరిశోధక విద్యార్థుల స్థానాలు, ఉపకార వేతనాలు, పరీక్షలలో పాల్గొనదలచినవారికి పిలుపులు. ఈ భాగంలో నాకు కనబడే లోపం వేరు. వార్తలో ఇద్దరు ఆచార్యుల పేర్లుంటవి, కాబట్టి వైద్య పరిశోధన అంటే వైద్యుల పని అని విద్యార్థి అనుకొంటాడు. వైద్య కళాశాలలో సీటు రాకపోతే ఆ తలుపు మూసుకొనిపోయినదని నిరాశపడతాడు. రికవరీ పరీక్ష నిలిచినది 175 ఆసుపత్రులలో మంచం ప్రక్కన నిలబడి రోగి సమ్మతి తీసుకొన్న నర్సుల మీద, చీటీ వేసే కంప్యూటరు ఏర్పాటు చేసినవారి మీద, ఎంతమంది చేరితే చాలునో లెక్కగట్టిన గణాంకవేత్తల మీద. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంకశాస్త్రం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు వైద్యుడు కాడు. ఆయన పేరు మీద ఉన్న సిద్ధాంతాలు లేకుండా నేడు గణాంకశాస్త్రం పాఠ్యగ్రంథమే లేదు. లెక్కలలో చురుకైన పిల్లవానికి వైద్య పరిశోధనలో చోటున్నదని చెప్పే వాక్యం ఏ ప్రకటనలోనూ నాకు కనబడలేదు.

పెనిసిలిన్ సంగతిలోనూ ఇట్లే జరిగినది. బూజును పెంచే పాత్రలు దొరకనప్పుడు ఆసుపత్రిలోని మలపాత్రలను వాడి, తరువాత మట్టి పాత్రలను ప్రత్యేకంగా చేయించి, మందును రాబట్టే మార్గాన్ని కనిపెట్టినవాడు నార్మన్ హీట్లీ. ఆయన జీవరసాయన శాస్త్రవేత్త, వైద్యుడు కాడు. 1945లో నోబెల్ బహుమానం ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్ అనే ముగ్గురికి వచ్చినది. హీట్లీకి ఆక్స్‌ఫర్డు గౌరవ వైద్య డాక్టరేటు ఇచ్చినది 1990లో. వైద్యుడు కానివానికి ఆ పట్టం ఇవ్వడం ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో అదే మొదటిసారి. అప్పటికి ఆయన వయస్సు 79 సంవత్సరాలు.