తానికాయల చప్పుడు

త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో కలిసే మూడోది తానికాయ. ఋగ్వేదకాలపు జూదగాళ్లు ఆడింది ఈ కాయలతోనే. 10వ మండలంలోని 34వ సూక్తానికి అక్షసూక్తం అని పేరు. అందులో ఉన్న 14 మంత్రాలూ ఒక జూదగాడి గోడు. దేవతల్ని స్తుతించే అంత పెద్ద గ్రంథంలో, భార్య గడప తొక్కనివ్వని, అత్తగారు చీదరించుకునే ఒక మనిషికి ఇంత చోటు దొరకడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఆ కవి చేసిన గొప్ప పని ఏమిటంటే, బయట నిలబడి బుద్ధి చెప్పకుండా జూదగాడి చేతే మాట్లాడించడం. తన భార్య తనతో ఏనాడూ గొడవపడలేదని, తన స్నేహితుల్ని కూడా ఆదరించిందని, అలాంటిదాన్ని తానే దూరం చేసుకున్నానని వాడే ఒప్పుకుంటాడు. అప్పులవాళ్లు పట్టుకుంటే తల్లిదండ్రులు, అన్నదమ్ములు వీడెవడో మాకు తెలియదు, కట్టి తీసుకుపొమ్మంటారు. పచ్చగా ఉన్న పరాయి సంసారాలు చూస్తే కడుపు రగిలిపోతుంది. ఇక ఆడనని ఒట్టు పెట్టుకుంటాడు. తోటివాళ్లు తనను వదిలి ముందుకు సాగిపోతారు. అంతలో కాయలు గలగలమంటాయి. కాళ్లు అటే నడుస్తాయి.

సూక్తం చివరికి వచ్చేసరికి సవితృదేవుడు పొలం దున్నుకో, నీ ఆవులూ నీ ఇల్లాలూ అక్కడే ఉన్నారని హితవు చెబుతాడు. మరొక కవి అయితే అక్కడితో ముగించేవాడు. ఇతను ఇంకొక మంత్రం చెప్పాడు. అందులో జూదగాడు కాయల్నే బతిమాలుకుంటాడు. స్నేహంగా ఉండండి, నన్ను వదిలి మరొకణ్ణి పట్టుకోండి అని. మారతానన్న మాట మీద కవికే పూర్తి నమ్మకం లేదు. ఆ అపనమ్మకమే ఈ సూక్తాన్ని ఇన్ని వేల ఏళ్లుగా నిలబెట్టిందని నా అభిప్రాయం.

ఆ చప్పుడే మళ్లీ శూద్రకుడి మృచ్ఛకటికం నాటకం రెండో అంకంలో వినిపిస్తుంది. సంవాహకుడనే ఒళ్లుపట్టేవాడు పది బంగారు నాణేలు ఓడిపోయి, కట్టలేక పారిపోతాడు. విగ్రహం లేని ఒక గుడి కనిపిస్తుంది. అడుగుజాడలు తిరగబడి కనిపించాలని వెనక్కి నడుస్తూ లోపలికి వెళ్లి, దేవుడి చోట తానే కదలకుండా నిలబడతాడు. జూదశాల నడిపే మాథురుడు, గెలిచిన జూదరి వెంటాడుతూ వచ్చేస్తారు. ఇది కర్రబొమ్మా రాతిబొమ్మా అని వాదించుకుంటారు, కదిపి చూస్తారు. వాడు ఊపిరి బిగబట్టి అన్నీ ఓర్చుకుంటాడు. వాళ్లు అక్కడే కూర్చుని ఆట మొదలుపెడతారు. ఆ చప్పుడు చెవిన పడ్డాక మాత్రం వాడి వల్ల కాలేదు. పందెం నాదంటూ ముందుకు దూకి దొరికిపోతాడు. ప్రేక్షకులు పగలబడి నవ్వే ఘట్టం ఇది. కాసేపటికే మాథురుడు వాణ్ణి కొడుతూ తండ్రిని అమ్ము, తల్లిని అమ్ము, ఎవరూ లేకపోతే నిన్ను నువ్వే అమ్ముకో అంటాడు. పది నాణేలకు నన్ను కొనండి బాబూ అని వాడు నడివీధిలో కేకలేస్తుంటే, నవ్విన నోళ్లే మూతపడతాయి. చివరికి నాటకంలోని నాయిక వసంతసేన తన కడియం ఇచ్చి విడిపిస్తుంది. వాడు బౌద్ధ భిక్షువవుతాడు.

భారతానికి వస్తే వ్యాసుడు ఇంకో దారి పట్టాడు. అంత పెద్ద జూదఘట్టంలో పాచికలు ఎలా పడ్డాయో ఎక్కడా చెప్పడు. ధర్మరాజు పందెం ఒడ్డుతాడు, తాను ఒడ్డిన దాని గొప్పతనం వర్ణిస్తాడు. శకుని గెలిచానంటాడు. మణులు, బంగారం, రథం, దాసీలు, దాసులు, ఏనుగులు, గుర్రాలు, రాజ్యం, ఆ తర్వాత తమ్ముళ్లు. జాబితా మారుతూ పోతుంది, శకుని మాట మారదు. ఆట కనిపించకుండా పోయి ఓటమి మాత్రమే మిగిలిన కథనం అది. శకుని కపటంగా ఆడాడని వ్యాసుడే అన్నాడు. జనం నోట ఆ పాచికలు శకుని తండ్రి ఎముకలైపోయాయి. మాయపాచికల కథ మనకు ఊరటనిస్తుంది గానీ, పందెం పందేనికీ ఒడ్డిన నోరు ధర్మరాజుదే.

ద్రౌపదిని ఒడ్డేటప్పుడు కూడా అతడు వర్ణన మానలేదు. అందరికన్నా ఆలస్యంగా పడుకుని అందరికన్నా ముందు లేచే మనిషి, గొల్లల దాకా, గొర్రెల కాపరుల దాకా ఎవరు ఏ పని చేశారో, ఏది చేయలేదో తెలిసిన మనిషి అంటాడు. ఇంటి లెక్కంతా ఎవరి చేతిలో ఉందో ఆమెనే పందెంలో పెడుతున్నాడు! మూలంలో ఈ చోటుకు వచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను. తర్వాత కబురు తెచ్చిన ప్రాతికామితో ద్రౌపది అడిగి పంపిన ప్రశ్న కూడా లెక్కే. ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా? భీష్ముడికీ జవాబు తేలలేదు.

మన కవుల పద్ధతి ఇక్కడ తెలుస్తుంది. చప్పుడు జూదగాడి చెవికి అప్పగించారు. లెక్క మాత్రం ఆడని మనిషి చేతికిచ్చారు.

అరణ్యపర్వంలో బృహదశ్వుడు ధర్మరాజుకు చెప్పిన నలుడి కథలో ఇది ఇంకా స్పష్టం. నన్నయ తెలుగు చేసిన భాగాల్లో ఈ కథ ఒకటి. సోదరుడు పుష్కరుడితో నలుడు ఆడుతూనే ఉంటాడు. మంత్రులు, పౌరులు వాకిట నిలబడ్డా కన్నెత్తి చూడడు. భార్య దమయంతికి పరిస్థితి అర్థమైపోతుంది. సారథి వార్ష్ణేయుణ్ణి పిలిపించి, కొడుకునూ కూతురినీ రథమెక్కించి, కుండినపురంలో పుట్టింటికి పంపేస్తుంది. పాచికల దగ్గర ఏం జరుగుతున్నా ఆ ఇంట్లో అసలు సంగతి ఆ రథం కదలడమే. నలుణ్ణి పట్టిన కలి చివరికి వెళ్లి దూరింది కూడా తానిచెట్టులోనే. ఋతుపర్ణ మహారాజు దగ్గర అక్షహృదయమనే పాచికల విద్య నేర్చి నలుడు రాజ్యం తిరిగి గెలుచుకున్నాడు నిజమే, కానీ ఆ నేర్పు అందేనాటికి అడవి, ఎడబాటు, పరాయి కొలువు అన్నీ అయిపోయాయి.

ఇది మన కవుల సంగతి మాత్రమే కాదు. రష్యాలో దోస్తోయెవ్‌స్కీ 1866లో అప్పుల ఒత్తిడి మీద తన ‘జూదరి’ నవలికను నెలలోపే చెప్పి రాయించాడు. రాసుకున్న అమ్మాయి అన్నా తర్వాత అతని భార్య అయింది. మరుసటి ఏడు బాడెన్ ఊళ్లో అతను రూలెట్ బల్ల దగ్గర ఉంటే, ఆమె నగలు తాకట్టుకు వెళ్లాయి. ఆ రోజుల సంగతులన్నీ ఆమె షార్ట్‌హ్యాండ్ డైరీలో ఉన్నాయి. ఆ నవలికనూ ఈ డైరీనీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

మన చట్టం చాలాకాలం మరో ప్రశ్న చుట్టూ తిరిగింది. సికింద్రాబాద్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా పార్లమెంటు చట్టం చేసింది. నేర్పా, అదృష్టమా అన్న ప్రశ్న దమయంతికి ఎందుకూ పనికొచ్చేది కాదు.

ఇప్పుడు తానికాయ లేదు, సభ లేదు, ఎదుటి ఆటగాడి మొహం కూడా లేదు. దుప్పటి కింద ఫోన్ వెలుగుతుంది. పక్కన పడుకున్న మనిషికి ఏ చప్పుడూ వినపడదు. బ్యాంకు మెసేజ్‌తోనో, లోన్ యాప్ వాళ్ల ఫోన్‌తోనో సంగతి బయటపడుతుంది. పేకాట క్లబ్బుల గురించి, కోడిపందేల గురించి తెలుగులో రాసినవాళ్లున్నారు. ఈ ఫోన్ జూదం మీద, అదీ ఆడని మనిషి వైపు నుంచి, కథలు రావాలి. కథకులకు నా విన్నపం ఒక్కటే. నీతి చెప్పే పెద్దమనిషి పాత్రను తీసేయండి. ఆ మెసేజ్ మొదట చదివిన ఇల్లాలి చేత కథ చెప్పించండి.