దర్జీ అన్నారు, డిజైనర్ అనలేదు

1953 సెప్టెంబరు 12న అమెరికాలోని న్యూపోర్ట్‌లో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు జాన్ కెన్నెడీ, తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. పెళ్లికూతురు జాక్వెలిన్. ఆమె వేసుకున్న పట్టు గౌను ఫొటోలు దేశమంతా చూసింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ గౌను ఎలా ఉందో వర్ణించి మరీ రాసింది. దాన్ని తయారుచేసింది ఎవరో మాత్రం రాయలేదు.

తయారుచేసింది ఆన్ లో అనే నల్లజాతి స్త్రీ. ఊరు అలబామా రాష్ట్రంలోని క్లేటన్. ఆమె అమ్మమ్మ బానిసగా పుట్టిన మనిషి. అమ్మమ్మ, అమ్మ ఇద్దరూ కుట్టుపనిలో చేయి తిరిగినవాళ్లు. చిన్నప్పుడు ఆన్ లో వాళ్ల దగ్గర మిగిలిన పట్టు ముక్కలు ఏరుకుని వాటితో పూలు చేసేది. పెద్దయ్యాక ఆ గుడ్డ పూలే ఆమె పనికి గుర్తు అయ్యాయి. అమ్మ చనిపోయేనాటికి గవర్నర్ భార్య గౌన్లు సగంలో ఆగి ఉంటే, పదహారేళ్ల పిల్ల కూర్చుని వాటిని పూర్తి చేసింది. 1917లో న్యూయార్క్‌లో డిజైన్ స్కూల్లో చేరితే, తెల్ల విద్యార్థులు ఆమెతో ఒకే గదిలో కూర్చోమన్నారు. ఆమెను విడిగా ఇంకో గదిలో కూర్చోబెట్టారు. ఆమె చేసిన పనిని మాత్రం తీసుకెళ్లి ఆ పిల్లలకే నమూనాగా చూపించారు. మనిషి పనికిరాదు, పని పనికొస్తుంది! ఈ ఒక్క సంగతిలోనే మిగతా కథంతా ఉందని మాకు అనిపిస్తుంది.

కెన్నెడీ పెళ్లికి పది రోజుల ముందు ఆమె స్టూడియోలోకి నీళ్లు వచ్చాయి. పెళ్లి గౌనూ, తోడిపెళ్లికూతుళ్ల గౌన్లలో చాలా వరకూ పాడైపోయాయి. రెండు నెలల పని. ఆమె మళ్లీ పట్టు కొని, మనుషుల్ని పెట్టుకుని, రాత్రింబగళ్లు కుట్టించింది. లాభం మాట అటుంచి 2,200 డాలర్లు చేతి నుంచి పోయాయి. పెళ్లివాళ్లకు ఒక్క మాట చెప్పలేదు. గౌన్లు తీసుకుని వెళితే వెనక గుమ్మం నుంచి రమ్మన్నారట. ముందు గుమ్మంలోంచి రానివ్వకపోతే గౌన్లు వెనక్కి పట్టుకుపోతానని చెప్పి, ముందు నుంచే లోపలికి నడిచిందట.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. మమ్మల్ని ఎక్కువగా ఆపింది 1961 నాటి సంగతి. ఒక ఆడవాళ్ల పత్రిక జాక్వెలిన్ గురించి రాస్తూ, పెళ్లి గౌను పెద్ద ఫ్యాషన్ సంస్థది కాదు, ఒక నల్లజాతి దర్జీ కుట్టింది అని రాసింది. ఆన్ లో బాధపడి నేరుగా జాక్వెలిన్‌కే ఉత్తరం రాసింది. నల్లజాతి అన్నందుకు కాదు ఆమె బాధ. అలా అనడం ఆమెకు సమ్మతమే. 'దర్జీ' అన్నందుకు. తనను పేరున్న నల్లజాతి డిజైనర్ అనాలని అడిగింది.

ఒక్క మాట కోసం అధ్యక్షుడి భార్యకు ఉత్తరం ఎందుకు? దర్జీకి కూలి వస్తుంది, డిజైనర్‌కు ధర వస్తుంది. దర్జీ చెప్పింది కుట్టే మనిషి, డిజైనర్ ఆలోచించే మనిషి. దర్జీ పేరు ఎవరూ అడగరు. 1947లో ఒలీవియా డి హావిలాండ్ ఆస్కార్ అందుకున్నప్పుడు వేసుకున్న గౌను కూడా ఆన్ లో పనే. దాని లేబుల్ మీద ఉన్నది ఆమె పనిచేసిన దుకాణం పేరు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. గొప్పింటి ఖాతాదారులు బేరమాడి తగ్గించుకుపోయేవారు. చివరికి పన్ను బాకీలు మీద పడి దుకాణమే పోయింది.

ఇది చదువుతున్నప్పుడు మా తండాల సంగతి గుర్తుకు రాకుండా ఉంటుందా? యాడీలు ఫేటియా మీద అద్దాలు, గవ్వలు పెట్టి కుడితే అది 'హస్తకళ'. అదే కుట్టు నగరంలో గాజు అద్దాల వెనక వేలాడితే 'డిజైనర్ కలెక్షన్'. అమెరికా నల్లజాతి వాళ్ల చరిత్రా మన చరిత్రా ఒకటి కాదు, వాళ్లను ఓడల్లో తెచ్చి అమ్మారు. కానీ మాటలతో ఎక్కువ తక్కువలు చేసే పద్ధతి మాత్రం మనకు బాగా తెలిసిందే.

రెండో మాట 'నకిలీ'. న్యూయార్క్‌లోని హార్లెం నల్లజాతి వాళ్ల పేట. అక్కడ 1982లో డానియల్ డే అనే ఆయన బట్టల దుకాణం పెట్టాడు. అందరూ డాపర్ డాన్ అంటారు. పెద్ద కంపెనీలు ఆయనకు సరుకు అమ్మలేదు. అప్పుడాయన వాళ్ల లోగోలను తోలు మీద అచ్చు వేయడం తనే నేర్చుకుని, ఆ తోలుతో ఆ కంపెనీలు ఎన్నడూ కుట్టని కోట్లు, జాకెట్లు కుట్టాడు. ర్యాప్ పాటగాళ్లు, బాక్సర్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. 1989లో పరుగుపందెం క్రీడాకారిణి డయాన్ డిక్సన్‌కు బూరల్లా ఉబ్బిన చేతులతో, లూయీ వ్యూటన్ లోగోలతో ఒక జాకెట్ చేశాడు. కంపెనీలు కేసులు పెట్టాయి, దాడులు జరిగాయి, 1992లో దుకాణం మూతపడింది.

పాతికేళ్ల తర్వాత, 2017లో, గూచీ సంస్థ ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఒక ప్రదర్శన పెట్టింది. అందులో అదే జాకెట్! అవే ఉబ్బిన చేతులు. లోగో మాత్రం గూచీది. జనం నిలదీస్తే గూచీ అది ఆయనకు 'నివాళి' అంది. ఆయన తీసుకుంటే నకిలీ, వాళ్లు తీసుకుంటే నివాళి. గొడవ పెరిగాక ఆయనతో ఒప్పందం చేసుకున్నారు, 2018లో హార్లెంలో గూచీ సామానుతోనే ఆయన స్టూడియో తెరుచుకుంది.

దీని మీద మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. అనుమతి లేకుండా లోగో వాడడం తప్పే కదా అని కొందరం అన్నాం. ఆ మాట కొట్టిపారేయలేం. అయితే అమెరికా చట్టం లోగోను గట్టిగా కాపాడుతుంది, బట్ట కోతనూ ఆకారాన్నీ అంతగా కాపాడదు. లోగో కంపెనీ సొత్తు, ఆకారం డాపర్ డాన్ ఊహ. కోర్టుకు కనిపించేది మొదటిదే. గూచీతో కలవడం లొంగిపోవడమా, బాకీ వసూలా? మేము ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

ఇక మూడోది, బొమ్మలో మొహం. మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన ప్యాట్రిక్ కెల్లీకి వాళ్ల అమ్మమ్మ తాను వంట చేసే తెల్లవాళ్ల ఇంటి నుంచి ఫ్యాషన్ పత్రికలు తెచ్చి ఇచ్చేది. వీటిలో మనవాళ్లు ఎందుకు లేరని పిల్లవాడు అడిగితే, వాళ్ల కోసం డిజైన్ చేసే తీరిక ఎవరికీ లేదందట. చొక్కా గుండీ ఊడితే దొరికిన ఏదో రంగు గుండీ కుట్టేది ఆవిడ. ఆ జతలేని గుండీలనే కెల్లీ పారిస్‌లో గౌన్ల నిండా కుట్టి పేరు తెచ్చుకున్నాడు. 1988లో పారిస్ రెడీమేడ్ డిజైనర్ల సంఘంలో చోటు దొరికిన మొదటి అమెరికన్ ఆయనే. లేమినే అందంగా చూపిన ఆ గుండీలు మాకు ఏ పట్టు గౌను కన్నా ఎక్కువ నచ్చాయి. 1990 జనవరి 1న ఆయన పోయేనాటికి నలభై కూడా నిండలేదు.

మొహాలు కనిపించడమే గెలుపు అనుకున్న రోజులూ ఉన్నాయి. 1973 నవంబరులో వెర్సాయ్ రాజభవనంలో అయిదుగురు ఫ్రెంచి డిజైనర్లకు ఎదురుగా అయిదుగురు అమెరికన్లు నిలిచారు. వాళ్లలో స్టీఫెన్ బరోస్ నల్లజాతివాడు. బట్టను లాగిపట్టి అంచు కుట్టి, ఆకు అంచులా ముడతలు తెప్పించడం ఆయన ప్రత్యేకత. ఆ రాత్రి ప్యాట్ క్లీవ్‌లాండ్, బెథాన్ హార్డిసన్ లాంటి నల్లజాతి మోడళ్లు నడిచిన తీరుకు సభ లేచి చప్పట్లు కొట్టింది. కానీ నలభై ఏళ్లకు, 2013లో, అదే హార్డిసన్ నల్లజాతి మోడళ్లు కనబడని ఫ్యాషన్ సంస్థల పేర్లు రాసి మరీ బహిరంగ లేఖలు విడుదల చేయాల్సి వచ్చింది. ర్యాంప్ మీద చోటు ఇచ్చినవాడే వెనక్కి తీసుకున్నాడన్నమాట.

అందుకే 2020లో ఆరోరా జేమ్స్ అనే డిజైనర్ అడిగిన పద్ధతి మాకు సూటిగా తోచింది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కంపెనీలన్నీ సానుభూతి సందేశాలు పెడుతున్న రోజులవి. ఆమె సానుభూతి అడగలేదు. దుకాణాల అరల్లో 15 శాతం నల్లజాతి వాళ్ల సంస్థల సరుకుకు ఇవ్వండి అంది. దేశ జనాభాలో వాళ్ల వాటా సుమారు అంత. అర ఎంత పొడవుందో ఎవరైనా కొలవచ్చు. సెఫోరా లాంటి పెద్ద దుకాణాలు ఒప్పుకున్నాయి. పోస్టర్ మీద మొహం మార్చినంత సులువు కాదు, అర ఖాళీ చేసి ఇవ్వడం.

ఆన్ లో 1981లో చనిపోయింది. ఆ పెళ్లి గౌను బోస్టన్‌లో కెన్నెడీ పేరిట ఉన్న లైబ్రరీలో ఉంది. పట్టు బాగా నీరసించింది, బయట పెట్టి చూపించే స్థితి లేదు. 2023లో డెలావేర్ రాష్ట్రంలోని వింటర్‌థర్ మ్యూజియంలో ఆమె పనికి పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు, దానికోసం ఆ గౌనును మళ్లీ కొత్తగా కుట్టించారు. ఈసారి ప్రదర్శన పేరులోనే ఆన్ లో అని ఉంది. ఆ పక్కన ఉన్న మాట దర్జీ కాదు.