గ్రంథచౌర్యాన్ని పట్టే యంత్రం

ఒకరు వ్రాసినదాన్ని మరొకరు తన పేరుతో చెలామణి చేయడాన్ని గ్రంథచౌర్యం అంటాము. విశ్వవిద్యాలయాలలో దానిని పట్టే పని ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేరుకు అప్పగించారు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యు.జి.సి.) 2018లో చేసిన నిబంధనల ప్రకారం సిద్ధాంత వ్యాసంలో పోలిక 10 శాతం దాటకుంటే శిక్ష లేదు, 60 శాతం మించితే పరిశోధకుని నమోదు రద్దవుతుంది. ఇంత బరువు మోసే అంకె ఎట్లా పుడుతున్నదో చూడవలసి ఉన్నది.

యంత్రానికి దొంగతనమంటే ఏమిటో తెలియదు. వ్యాసాన్ని కొన్ని మాటల చొప్పున తునకలు చేసి, తన భాండారంలోని తునకలతో పోల్చి, కలిసినంత మేర రంగు పూస్తుంది. పుటలకు పుటలు ఎక్కించినవానిని క్షణాలలో పట్టిస్తుంది. ఆ మేలు కాదనరాదు.

పాచిపెంట విద్యార్థి ఒకడు తన మన్యపు పంటలపై తెలుగులో పరిశోధన చేశాడనుకొందాం. పాచిపెంట మండలం పూర్వం విజయనగరం జిల్లాలో ఉండేదనీ, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిందనీ మొదటి అధ్యాయంలో వ్రాస్తాడు. ఆ సంగతి ఎవరు వ్రాసినా ఇంచుమించు ఆ మాటలే పడతాయి. యంత్రం రంగు పూస్తుంది. అందరికీ తెలిసిన విషయాలలో వరుసగా 14 మాటల వరకు కలిస్తే విడిచిపెట్టవచ్చునని నిబంధనలలోనే ఉన్నది. కాని ఏది అందరికీ తెలిసినదో యంత్రం ఎట్లా చెప్పగలదు?

ఇక అసలు దొంగ సంగతి. “పాచిపెంట కొండలలో రాగులు, సామలు విరివిగా పండును” అని పాత గ్రంథంలో ఉన్నదనుకొనండి. దానిని “పాచిపెంట కొండల్లో రాగులూ సామలూ విరివిగా పండుతాయి” అని మార్చితే ఆరు మాటలలో రెండే కలుస్తాయి. గ్రాంథికాన్ని వాడుకభాషలోకి దించితే చాలు, మాటల రూపాన్నే చూసే యంత్రం మోసపోతుంది. విభక్తులు మాటకు అతుక్కొనే మన భాషలో ఈ చిక్కు ఇంగ్లీషులో కన్న ఎక్కువ. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన వ్యాసమైతే కంటికి తెలుగే గాని కంప్యూటరుకు వేరే గుర్తుల గజిబిజి; యూనికోడులో ఉన్న మూలంతో అది కలవనే కలవదు. ఇంగ్లీషు పుస్తకాన్ని చాటుగా అనువదించినవాడు అందరికన్న సురక్షితుడు!

2020లో పలు దేశాల పరిశోధకులు కలిసి ఇటువంటి 15 సాధనాలను ఎనిమిది భాషలలో పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. మాటలు మార్చిన చోట, అనువదించిన చోట అవి బాగా వెనుకబడినవి. ఆ ఎనిమిదింటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు.

కాబట్టి రంగు పూసిన ప్రతి పంక్తినీ ఆ విషయం తెలిసిన అధ్యాపకుడు మూలంతో పెట్టి చదవాలి. శాతం చూసి సంతకం పెట్టరాదు. సాధనం కొనకముందే ఒక తెలుగు పేరాను ఉన్నదున్నట్లుగా ఒకసారి, వాడుకలోకి మార్చి ఒకసారి, ఇంగ్లీషు మూలంనుంచి అనువదించి మరొకసారి ఎక్కించి, ఏది పట్టుబడిందో, ఏది తప్పించుకున్నదో వ్రాసి పెట్టుకోవాలి. దీనికి ఒక పూట చాలును.