ఇంటిపేరు తెచ్చిన తంటా

దారినపోయే పేదవాణ్ణి ఆపి "సర్ జాన్" అని పలకరిస్తే ఏమవుతుందండీ? ఓ సంసారం కూలిపోతుంది. థామస్ హార్డీ 1891లో వెలువరించిన 'టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్' నవల మొదలయ్యేది ఆ పలకరింపుతోనే.

పాత వంశాల చరిత్ర తవ్వడం సరదాగా పెట్టుకున్న ఓ మతగురువు, జాన్ డర్బీఫీల్డ్ అనే చిల్లర వ్యాపారితో అంటాడు: నీ అసలు ఇంటిపేరు డర్బర్‌విల్, 1066లో ఇంగ్లండును జయించిన విలియంతో నార్మండీ నుంచి వచ్చిన వీరుడి వంశం మీది, కింగ్స్‌బియర్‌లో మీ పూర్వీకుల సమాధులున్నాయి అని. జనం నోళ్ళలో నలిగి పేరు అరిగిపోయింది. ఆస్తి కూడా అలాగే కరిగిపోయింది.

ఇది వట్టి కల్పన కాదు. డోర్సెట్ ప్రాంతంలోని బియర్ రీజిస్‌లో టర్బర్‌విల్ అనే పాత కుటుంబం నిజంగానే ఉండేది. అక్కడి చర్చిలో వాళ్ళ సమాధులూ, వాళ్ళ పేరున్న కిటికీ ఇప్పటికీ ఉన్నాయి.

గొప్పవంశం అని తెలియగానే జాన్ చేసిన మొదటి పని తాగడం! మర్నాడు తెల్లవారకముందే తేనెపట్టుల బండి తోలుకుపోవాల్సింది ఆయన. ఆయన లేవలేకపోతే పెద్దకూతురు టెస్ వెళ్తుంది. దారిలో ప్రమాదం జరిగి, ఇంటిల్లిపాదికీ తిండి పెట్టే గుర్రం కాస్తా చచ్చిపోతుంది. తల్లి కూడా తక్కువ తినలేదు. దగ్గర్లో డర్బర్‌విల్ అనే ధనవంతులున్నారట, చుట్టరికం కలుపుకోమని పిల్లని పంపిస్తుంది.

తీరా చూస్తే వాళ్ళు డర్బర్‌విల్లే కాదు! వ్యాపారంలో డబ్బు గడించిన సైమన్ స్టోక్ అనే ఆయన, పెద్దమనిషిగా చలామణీ కావడానికి బ్రిటిష్ మ్యూజియంలో పుస్తకాలు తిరగేసి, అంతరించిన వంశాల్లోంచి ఆ పేరు ఏరుకున్నాడు. అసలు వంశంలో పుట్టిన పిల్ల, అరువు పేరువాళ్ళ ఇంట్లో కోళ్ళు చూసుకునే పనికి కుదురుతుంది. ఆ ఇంటి కొడుకు అలెక్ ఆమె బతుకు పాడుచేస్తాడు.

తర్వాత పెళ్ళాడిన ఏంజిల్ మాత్రం? పాతవంశాలంటే గిట్టదని చెప్పుకునే మనిషి, భార్యది గొప్ప ఇంటిపేరని తెలిస్తే లోలోపల సంతోషిస్తాడు. ఆమె తన గతం చెప్పగానే, చితికిన వంశంలో పుట్టావు గనకే ఇలా అయ్యావంటాడు! ఒకే పేరు, మొదట అలంకారం, తర్వాత నేరం.

ఇక్కడే హార్డీతో నాకో పేచీ ఉంది. పాత డర్బర్‌విల్ ఇంటి గోడమీద క్రూరంగా కనిపించే స్త్రీల చిత్రాలు పెట్టి, వాళ్ళ పోలికలు టెస్‌లో ఉన్నాయంటాడు. వంశానికి అంటుకున్న ఓ పాత నెత్తుటి కథనీ ప్రస్తావిస్తాడు. దోషం రక్తంలోనే ఉందేమోనన్న అనుమానం రచయితే నాటితే, ఏంజిల్ మాటకి వత్తాసు పలికినట్టు కాదూ? ఆమెని ముంచినవి పేదరికం, అలెక్, వదిలేసి వెళ్ళిన మొగుడూ.

అయినా చివర్లో ఒక్క దృశ్యంతో ఆ లోటు తీర్చేశాడు. తండ్రి పోయాక ఇంటిమీద హక్కూ పోతుంది. సామాను బండికెత్తుకుని కింగ్స్‌బియర్ చేరితే, మాట్లాడుకున్న గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు. చేసేదిలేక తల్లి, చర్చి గోడవారన, పూర్వీకుల కిటికీ కిందే మంచం వేసి పిల్లల్ని చేరుస్తుంది. లోపల చలువరాతి సమాధుల్లో తాతలు, బయట నిలవ నీడలేని మనవలు.

నవల చదివినప్పుడు ఆ మంచం దగ్గర కాసేపు ఆగండి.