క్రీస్తు సరిపోలేదా? జాషువ కావ్యాలపై ఒక పరిశీలన

1. ప్రశ్న

ఒకసారి నరసరావుపేటలో సంప్రదింపు తరగతికి వెళ్లి ‘గబ్బిలం’ పాఠం చెబుతున్నాను. మాచర్ల వైపు నాపరాళ్ల క్వారీలో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి లేచి, “జాషువ క్రైస్తవుడు కదండీ, మరి కాశీ విశ్వనాథుడికి మొర పెట్టుకోవడమేమిటి? ఆయనకు క్రీస్తు సరిపోలేదా?” అని అడిగాడు. కొందరు నవ్వారు. కాళిదాసు ‘మేఘసందేశం’ బాటలో నడిచిన సందేశకావ్యమిది, అందుకే అలా ఉందని నేను జవాబు చెప్పాను. అది తప్పు కాదు, కాని సగం జవాబే. మిగిలిన సగం ఈ పాఠంలో చూద్దాం. మీరు క్రైస్తవులైనా కాకపోయినా జాషువను చదివేటప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది.

2. ‘చాలు’ అనే మాటకు అర్థం

క్రీస్తు అందరికన్నా ఉన్నతుడు, క్రీస్తు ఒక్కడే చాలు అనే రెండు మాటలు క్రైస్తవ విశ్వాసంలో జంటగా వస్తాయి. వీటికి ముఖ్యమైన ఆధారం కొలొస్సయులకు రాసిన పత్రిక. దాని మొదటి అధ్యాయం క్రీస్తును సృష్టికి ముందున్నవాడిగా, సంఘానికి శిరస్సుగా కీర్తిస్తుంది. ఆ కీర్తన అక్కడ ఎందుకు అవసరమైందో రెండో అధ్యాయంలో తెలుస్తుంది. తిండి నియమాలు, పండుగలు, అమావాస్యలు, దేవదూతల ఆరాధన వంటివి కూడా ఉండాలని ఒత్తిడి చేసేవారు ఆ ఊళ్లో ఉన్నారు. క్రీస్తులో ఉన్నవాడు ఇప్పటికే సంపూర్ణుడని పత్రిక వారికి బదులిస్తుంది. ఆ బదులు సమాజంలో ఎలా కనిపించాలో మూడో అధ్యాయం చెబుతుంది: యూదుడు, గ్రీకు, దాసుడు, స్వతంత్రుడు అనే భేదాలు ఇక చెల్లవు.

అంటే క్రీస్తు ఔన్నత్యం కేవలం స్తుతి కాదు. మనిషి దగ్గర అదనపు అర్హత అడగవద్దనే వాదానికి అది పునాది. గలతీయుల పత్రికలో ఇదే వాదం భోజనం దగ్గర పరీక్షకు నిలబడింది. అంతియొకయలో పేతురు యూదులు కానివారితో కలిసి తినేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ఎదుటా ఆయన్ను నిలదీశాడు.

పల్నాటివారికి ఈ ఘట్టం సులభంగా అర్థమవుతుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ కలిపి కూర్చోబెట్టిన చాపకూడు మన వీరగాథలో ఉంది. మాల కన్నమదాసు ఆయనకు కొడుకుతో సమానం. ‘చాలు’ అన్న మాట నిజమా కాదా అన్నది చాప మీద తేలుతుంది.

3. జాషువ నిలబడిన చోటు

లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాలకు మారాడు. గుర్రం జాషువ 1895లో, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. అప్పటికి ఈ ప్రాంతంలో క్రీస్తు బోధ మొదలై దాదాపు అర్ధశతాబ్దం.

అయినా జాషువకు రెండు వైపులా తలుపులు మూసుకున్నాయి. అంటరానివాడని అగ్రకులాలు అవమానించాయి. క్రైస్తవుడై పురాణ కథలు రాస్తున్నాడని సంఘం వెలివేసిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఈ రెండో దెబ్బను కొలొస్సయుల పత్రికతో పోల్చి చూడండి. ‘క్రీస్తుతో పాటు ఇది కూడా ఉండాలి’ అన్న పాత షరతే ‘క్రీస్తుతో పాటు ఇది ఉండకూడదు’ అని రూపం మార్చుకుంది.

ఇప్పుడు ‘గబ్బిలం’ (1941) దగ్గరకు రండి. కథానాయకుడు అంటరాని కులస్థుడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే దానితో విశ్వనాథుడికి సందేశం పంపాడు. నా దృష్టిలో ఇది విశ్వాస ప్రకటన కాదు, ఫిర్యాదు. అన్యాయం జరిగిన చోటే ఫిర్యాదు ఇవ్వాలి. మూసిన తలుపు గుడిదైనప్పుడు మొర చర్చిలో వినిపిస్తే, తలుపు మూసినవారి చెవిన పడదు. కాబట్టి ఈ కావ్యాన్ని చూపి కవికి క్రీస్తు చాలలేదని తీర్పు చెప్పడం సరికాదు.

జాషువ తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇక్కడ ఒక పరిమితి గమనించాలి. పత్రికలోని కీర్తన సృష్టికి ముందునుంచి మొదలవుతుంది. చరిత్ర కావ్యం ఒక మనిషి జీవితాన్ని అనుసరిస్తుంది. సిద్ధాంతం కోసం ఈ కావ్యాన్ని వెతికేవారికి కొంత వెలితి అనిపించవచ్చు. కాని పద్యం ఎవరి సొత్తని లోకం అనుకుందో గుర్తుచేసుకోండి. దళిత క్రైస్తవుడు ఆ పద్యంలోనే క్రీస్తు కథ చెప్పాడు. క్రీస్తును చెప్పడానికి తన భాష, తన ఛందస్సు చాలునని చూపాడు. నేను దీన్ని ఈ కావ్యపు పెద్ద విజయంగా చూస్తాను.

4. ప్రశ్నను తిప్పి అడగడం

బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు నేటికీ మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పాడుకుంటారు. అది చిన్న విషయం కాదు. కాని పాట కలిపినవారిని పెళ్లి సంబంధాలు, కొన్నిచోట్ల సమాధుల దొడ్లు విడదీస్తూనే ఉన్నాయి. కులం చూసి కూర్చునే సంఘం నోటితో క్రీస్తు చాలునంటూ, చేతితో మరొకటి కలుపుతోంది.

అందువల్ల ఆనాటి విద్యార్థికి ఇప్పుడు నేను ఇలా జవాబు చెబుతాను: జాషువకు క్రీస్తు సరిపోయాడా అని కవిని అడిగే ముందు, ఆయన్ను బయట నిలబెట్టినవారికి సరిపోయాడా అని అడుగు బాబూ.

అభ్యాసం: ‘గబ్బిలం’ విశ్వాస ప్రకటనా, ఫిర్యాదా? కావ్యం నుంచి రెండు ఘట్టాలు తీసుకుని మీ అభిప్రాయాన్ని 20 పంక్తుల్లో రాయండి. నా వాదంతో ఏకీభవించనవసరం లేదు. కారణాలు మాత్రం చూపండి.