చిత్రకథయందుఁ గాలగతి

వీరచరితము కావ్యమునకే చెల్లుననియు, బొమ్మల పుస్తకము బాలురకుఁ గాలక్షేపమాత్రమనియు మన పండితులలోఁ బెక్కుర తలంపు. మొన్నటివఱకు నాకును నదియే తలంపు. కొత్తగూడెమున నాయొద్దఁ జదువుకొను బాలుఁ డొకఁడు బాలవ్యాకరణము నడుమ నొక చిత్రకథను దాఁచి చదువుచుండఁగాఁ గోపించి లాగికొంటిని. ఆ రాత్రి దానిని ముమ్మాఱు చదివితిని. అందుండి పుట్టినదే యీ విమర్శము.

అది 1962 ఆగస్టు నాఁటి ‘అమేజింగ్ ఫాంటసీ’ యను అమెరికా పత్రిక 15వ సంచికలోని కథకుఁ బునర్ముద్రణము. రచన స్టాన్ లీది, చిత్రములు స్టీవ్ డిట్కోవి, పుటలు 11. స్పైడర్‌మాన్ మొట్టమొదట నవతరించిన దిందే. పీటర్ పార్కర్ అను విద్యార్థిని రేడియోధార్మికమైన సాలెపురుగు కఱచును. దాని శక్తులు వానికి సంక్రమించును. వానిని బ్రదర్శించి ధన మార్జింపఁ బూనిన యాతఁడు, తన యెదుటనుండి పాఱిపోవు దొంగ నొకనిఁ బట్టక యుపేక్షించును. తన్నుఁ గన్నకొడుకువలెఁ బెంచిన బెన్‌ను బిదపఁ జంపినవాఁ డా దొంగయే.

ఉచ్చారణమున ద్రుత, మధ్యమ, విలంబితములని మూఁడు వృత్తులు గలవు. వృత్తి మాఱినను వర్ణము మాఱదని భాష్యకారుని సిద్ధాంతము. చిత్రకథయందును నంతే. గడిలోని బొమ్మ కదలదు. గడికిని గడికిని నడుమనున్న తెల్లని యెడమునఁ గాలము నడచును. ఆ యెడమును బూరించువాఁడు పాఠకుఁడు. ఆకాంక్ష బలముగా నున్నచో వాని కన్ను ముందునకుఁ బరువెత్తును, లేనిచో నిలుచును.

ఈ పద్ధతి మనకుఁ గ్రొత్తది గాదు. చేర్యాల నకాశీవారి పటములును గడులుగాఁ గథ చెప్పునవియే. ఎఱ్ఱని పూఁతపై బొమ్మలు వరుసగా నిలుచును. కథకుఁడు పటమును విప్పుచుఁ బాడుచు నొక్కొక్క గడిని జూపును. అచట వేగము కథకుని చేతిలోనిది. అచ్చుపుస్తకమున నట్టి కథకుఁడు లేఁడు గావున నా భారము చిత్రకారునిపైఁ బడును.

డిట్కో దానిని జక్కఁగా వహించెను. శక్తి లభించుట, గోడ నెక్కుట, మల్లుని గెలుచుట ద్రుతగతిని సాగును. దొంగ లిఫ్టులోఁ జొచ్చి తప్పించుకొను ఘట్టమును నా వేగముననే గడచిపోవును. చిత్రకారుఁ డచట నాఁగఁడు, పాఠకుఁడును నాఁగఁడు. కథకు బీజమైన తప్పు మన యుపేక్షతోఁ గూడియే జరిగిపోవును. తుద నా దొంగ మొగమును గుర్తించిన క్షణమున గతి విలంబితమగును. కడపటి గడిలో వీరుఁడు చిన్నవాఁడై చీఁకటిలో నొంటరిగా నడచిపోవును. మొగమంతయు ముసుఁగైన నాయకుని భావమును మేని వంపుచేతను వ్రేళ్ల తీరుచేతను దెలుపుట డిట్కో నేర్పు.

దోషమును జెప్పవలయును. శక్తితోడ బాధ్యతయు రావలెనను నీతిని రచయిత యా కడపటి గడిలోనే వ్రాసినాఁడు. తరువాతి కాలమున నా మాట బెన్ నోటఁ బెట్టఁబడినది. ఇచట మాత్ర మది రచయిత మాటయే. బొమ్మ వ్యంజించినదానిని మాట వాచ్యము చేసినది. రసమును బేరుపెట్టి చెప్పుట దోషమని మమ్మటుఁడు నిర్ణయించెను; ఇదియు దానికిఁ జుట్టమే.

మఱునాఁడు పుస్తకము నిచ్చివేసి, తప్పెచట జరిగినదని బాలుని నడిగితిని. వాఁడు బెన్ మరణమును జూపలేదు. లిఫ్టు గడిపై వ్రేలుంచి, “ఇక్కడ, పంతులుగారూ” అనెను. వాని తండ్రి బొగ్గుగనిలోఁ బనిచేయువాఁడు. పైకప్పునఁ బగులు చూచియుఁ జెప్పక పోయినవాని యుపేక్ష వెనుక వచ్చువానికిఁ బ్రాణాంతకమని యా యింటఁ జిన్నవారును నెఱుఁగుదురు. బొమ్మల పుస్తకమును లాగికొనుటకు ముందు దాని నొకమాఱు చదువవలెనని తోడి పండితులకు నా మనవి.