ఎల్ఫుల పుట్టుక, ఓర్కుల చాకిరి

ఫాంటసీ కథల్నీ ఆటల్నీ మన విమర్శకులు పిల్లల వ్యవహారం కింద వదిలేశారు. పిల్లలు మాత్రం వాటిని వదల్లేదు. పాత్రను ఎంచుకోమని ఆట అడిగితే చాలామంది చెయ్యి ఎల్ఫు మీదికే పోతుంది. పొడుగ్గా, సన్నగా, మొనదేలిన చెవులతో, ముసలితనం ఎరగని అడవి జాతి అది. టోల్కీన్ ‘ది హాబిట్’ 1937లో వచ్చింది. అప్పట్నించి ఫాంటసీ ఎన్నో వేషాలు మార్చింది గాని ఎల్ఫు మీద మోజు తగ్గలేదు. ఎందుకని అడిగితే అందమంటారు, అడవి అంటారు, చావు లేకపోవడమంటారు. మేం కాదనం. ఐతే వాటన్నిటి అడుగున ఇంకొకటుంది. ఎల్ఫు తన గొప్పతనాన్ని సంపాదించుకోనక్కర్లేదు, ఎవరి ముందూ రుజువు చేసుకోనక్కర్లేదు. పుట్టడమే పై మెట్టు మీద పుడతాడు. ఆ పుట్టుక సుఖం ఎట్లా ఉంటుందో ఆడేవాడికి కాసేపు రుచి చూపిస్తాడు. మా చర్చ ఆ సుఖం గురించి.

ముందు మాటల సంగతి. తెలుగులో ఎల్ఫుకు మాట వెతికితే గంధర్వుడో యక్షుడో నోటికొస్తాడు, ఓర్కుకు రాక్షసుడు. వెతక్కుండానే దొరికే మాటలంటే మాకు అనుమానం. ఆ మాటలు ఎవరి మీద ఎట్లా వాడబడ్డాయో మనకు తెలిసిందే. అందుకే రెంటినీ ఉన్నవున్నట్టు ఉంచాం.

పాత ఎల్ఫులు ఇట్లా ఉండేవాళ్ళు కాదు. పాత ఇంగ్లీషు వైద్య గ్రంథాల్లో వాళ్ళు రోగాలు తెచ్చేవాళ్ళు. మనిషికో గొడ్డుకో ఉన్నట్టుండి పోటు వస్తే ఎల్ఫు బాణం తగిలిందనుకునేవాళ్ళు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చేసిన ఒక కథలో, జోళ్ళు కుట్టే అతని ఇంటికి రాత్రిపూట చిన్న చిన్న మనుషులొచ్చి తెల్లారేసరికి జోళ్ళు కుట్టిపెట్టి పోతారు. జర్మన్లో వాళ్ళ పేరు వేరు, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎల్ఫులయ్యారు. వాళ్ళ ఒంటి మీద నూలుపోగు లేదు. ఇంటావిడ జాలిపడి బట్టలు కుట్టి పెడితే, తొడుక్కుని సంబరంగా వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. తోలుపని చేసే ఎల్ఫులు! ఈ కథ దగ్గర మన పాఠకులు కాసేపు ఆగాలి. పని చేసే ఎల్ఫు పొట్టివాడు, నవ్వు తెప్పించేవాడు. పని కనపడని ఎల్ఫు పొడుగువాడు, గౌరవం తెప్పించేవాడు. రౌలింగ్ 1998లో తెచ్చిన డాబీ ఆ మొదటి కోవకు చెందినవాడే. యజమాని గుడ్డ ఇస్తేనే విడుదల. 2000లో వచ్చిన నాలుగో నవలలో హెర్మయనీ ఈ ఇంటి ఎల్ఫుల హక్కుల కోసం సంఘం పెడితే తోటివాళ్ళు నవ్వుతారు. ఎల్ఫులేమో మాకు చాకిరే ఇష్టమంటారు. డాబీ కోసం ఏడ్చిన పాఠకులు చాలామందే ఉన్నారు. డాబీగా పుట్టాలని కోరుకున్నవాళ్ళు మాత్రం మాకు తగల్లేదు.

ఎల్ఫును పొడుగు చేసి దొరను చేసినవాళ్ళలో ముఖ్యుడు టోల్కీన్. ఆయన్ని తేలిగ్గా తీసిపారేయడం మాకిష్టం లేదు. వంశం ఆర్యమేనా అని 1938లో జర్మన్ ప్రచురణ సంస్థ అడిగితే, యూదు పూర్వీకులు తనకు లేకపోవడమే విచారమని కోపంగా జవాబు రాసిపెట్టిన మనిషి. అదే మనిషి 1958లో ఒక ఉత్తరంలో ఓర్కుల రూపం వర్ణించడానికి మంగోల్ ముఖాల్ని వికృతం చేసి వాడుకున్నాడు. రెండూ నిజమే. ‘ది హాబిట్’లో ఎల్ఫు రాజు కొలువులో తాగి నిద్రపోయే నౌకరున్నాడు, పీపాలు దొర్లించేవాళ్ళున్నారు. 1954–55లో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వచ్చేసరికి వాళ్ళు మాయం. రివెండెల్‌లో విందులున్నాయి, పాటలున్నాయి. గిన్నెలు కడిగేదెవరో మనకు కనపడరు. లోరియెన్‌లో దారిబత్తెం రొట్టె దొరుకుతుంది, ఆ రొట్టె వెనకాల పొలం కనపడదు.

ఇక పెళ్ళిళ్ళు చూడండి. టోల్కీన్ పోయాక 1977లో వచ్చిన ‘సిల్మరిలియన్’లో ఎల్ఫు రాజు థింగోల్ కూతురు లూథియెన్ మామూలు మనిషి బెరెన్‌ను ప్రేమిస్తుంది. తండ్రి అతని పుట్టుకను ఎత్తిచూపి తిడతాడు. శత్రువు కిరీటంలోని మణి తెస్తేనే పిల్లనిస్తానంటాడు. అంటే చచ్చి రమ్మని. తరాల తర్వాత ఎల్రాండ్ కూడా కూతురు అర్వెన్‌ను అరగోర్న్‌కు ఇవ్వడానికి రెండు రాజ్యాలకు రాజువై రమ్మంటాడు. పిల్లనివ్వను అనే తండ్రి మాటను ఇంత గంభీరంగా, ఇంత అందంగా రాసిన రచయిత మాకు ఇంకొకరు కనపడలేదు. ఆ అందమే మమ్మల్ని భయపెడుతుంది. టోల్కీన్ ఆ ప్రేమికుల పక్షానే ఉన్నాడు, అది ఒప్పుకోవాలి. ఐతే లెక్క చూడండి: ఎల్ఫు రక్తం మనిషిలో కలిస్తే ఆ వంశం రాజవంశమవుతుంది. ఓర్కు రక్తం మనిషిలో కలిస్తే అది సారుమాన్ చేసిన ఘోరమవుతుంది. ఒకే కలయిక, పైనుంచి ఐతే వరం, కిందినుంచి ఐతే నేరం. అనులోమం, ప్రతిలోమం అన్న మాటలు ఎరగని దేశంలో కూడా ఈ లెక్క ఉంది.

కథలో సూచనగా ఉన్నదాన్ని ఆట అంకెల్లో పెట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో మొదలైంది. 1978 నిబంధనల పుస్తకంలో ఎల్ఫుగా పుడితే చురుకుదనానికి ఒకటి కలుపుతారు, దారుఢ్యంలో ఒకటి తీసేస్తారు. సగం ఓర్కుగా పుడితే బలానికి ఒకటి, దారుఢ్యానికి ఒకటి కలిపి, ఆకర్షణలో రెండు కోస్తారు. చాకిరీకి పనికొచ్చేవి ఇచ్చి మర్యాద తీసుకున్నారన్నమాట. 1981లో వచ్చిన తేలిక పుస్తకంలో ఇంకా ముందుకు పోయారు. అందులో మనిషి యోధుడు కావచ్చు, దొంగ కావచ్చు, మంత్రగాడు కావచ్చు. ఎల్ఫు మాత్రం ఎల్ఫే అవుతాడు. పుట్టుకా వృత్తీ ఒకటే. మనువు చూస్తే మెచ్చుకునేవాడు.

ఎల్ఫుల్లోనే నల్లవాళ్ళున్నారు, డ్రౌ అంటారు. నేల కింద బతుకు, నల్లని చర్మం, పుట్టుకతోనే దుష్టులని పేరు. వాళ్ళలోంచి 1988లో రచయిత సాల్వటోర్ డ్రిజ్ట్ అనే మంచివాణ్ణి పుట్టించాడు. పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. ఆ ఒక్కడి మంచితనం తక్కిన జాతి చెడ్డదన్న తీర్పును కదల్చలేదు, పైపెచ్చు గట్టిపరిచింది. “నువ్వు వాళ్ళలాంటివాడివి కాదు” అనే మెప్పు మనలో ఎంతమంది వినలేదు? 2024 నిబంధనల్లో ‘రేస్’ అన్న మాట తీసేసి ‘స్పీషీస్’ అని పెట్టారు, పుట్టుకనుబట్టి అంకెలు కలిపే పద్ధతీ తీసేశారు. ఓర్కును నేరుగా ఆడొచ్చు. మంచిదే. ఐతే 2022లో ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ సీరియల్‌లో ప్యూర్టోరికో నటుడు ఇస్మాయెల్ క్రూజ్ కోర్డోవా ఎల్ఫు వేషం వేసినందుకు ఎన్ని తిట్లు తిన్నాడో చూశాక, పుస్తకంలో మాట మారినంత తేలిగ్గా మోజు మారదని తెలుస్తోంది.

మాకు నిజంగా చిక్కు తెచ్చిపెట్టింది 2009లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ ఆట. ఇందులో ఎల్ఫులు దొరలు కారు. పట్నంలో గోడ కట్టి విడదీసిన వాడలో ఉంటారు, దాన్ని ఏలియనేజ్ అంటారు. నగర ఎల్ఫుగా ఆట మొదలెడితే అది నీ పెళ్ళిరోజు. ప్రభువు కొడుకు తన మనుషులతో వాడలోకొచ్చి పెళ్ళికూతుర్నీ తోడున్న ఆడవాళ్ళనీ ఎత్తుకుపోతాడు. ఊరికి దూరంగా వాడ, దొర కొడుకు, ఆడపిల్ల: ఈ మూడూ మనకు కొత్త కాదు. ఐనా ఒక అనుమానం తీరలేదు. ఈ బాధితులు ఎల్ఫులే ఎందుకయ్యారు? వాళ్ళకొక పోయిన మహానగరం ఉంది, పోయిన అమరత్వం ఉంది. వాడలో ఉన్నా చెవులు మొనదేలే ఉన్నాయి. అంటే ఒకప్పుడు పైన ఉన్నవాళ్ళు కాబట్టి ఇప్పుడు జాలి. ఏ మహానగరమూ లేనివాడికి, ముక్కు చప్పిడిగా ఉన్నవాడికి, ఆ పెళ్ళిపందిట్లో చోటుందా?

ఈ ప్రశ్న మనల్నీ అడుగుతుంది. అవమానం తిన్నవాళ్ళకు పోయిన రాజ్యం కావాలనిపిస్తుంది, మేమూ రాజులమే అనాలనిపిస్తుంది. ఆ కోరికను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. ఐతే తేడా చూడాలి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ పేరును తోసేసి ‘ఆది ఆంధ్ర’ అన్నప్పుడు, ముందునుంచీ ఉన్నవాళ్ళమంది. పైనుంచి పడ్డవాళ్ళమనలేదు. అంబేద్కర్ 1948లో అస్పృశ్యుల పుట్టుపూర్వోత్తరాల మీద రాసిన పుస్తకంలో మనకు చరిత్ర వెతికిచ్చాడు. యుద్ధాల్లో చెదిరిపోయినవాళ్ళన్నాడు. అదే పుస్తకంలో రక్తభేద సిద్ధాంతాన్ని పట్టుబట్టి కొట్టేశాడు. చరిత్ర ఇచ్చాడు, వంశం ఇవ్వలేదు. ఎల్ఫు కథ దీనికి సరిగ్గా ఎదురు.

‘డ్రాగన్ ఏజ్’ రాసినవాళ్ళకూ ఈ సంగతి కొంత తట్టినట్టుంది. 2014లో వచ్చిన మూడో ఆటలో సంచార ఎల్ఫులు గర్వంగా మొహాన పొడిపించుకునే పచ్చబొట్లు ఒకప్పటి బానిస గుర్తులని బయటపెడతారు. ఆ బంగారు యుగంలో ఎల్ఫు దొరలే ఎల్ఫు బానిసలకు వేసిన గుర్తులవి. ఇట్లా తవ్విన పని ఓర్కుల విషయంలో ఎందుకు జరగలేదో మాకు అర్థం కాదు. కావలసిన సరుకు టోల్కీన్ దగ్గరే ఉంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రెండో భాగం చివర షాగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు ఓర్కులు కాపలా పని మధ్యలో మాట్లాడుకుంటారు. యుద్ధం అయ్యాక నమ్మకస్తుల్ని నలుగుర్ని వెంటేసుకుని, పెద్ద దొరలెవరూ లేని చోటు చూసుకుందామని. ఇట్లాంటి మాట అన్ని పేజీల ఆ పుస్తకంలో ఏ ఎల్ఫూ అనడు, అనాల్సిన అవసరం అతనికి లేదు. తర్వాతి భాగంలో ఆ ఇద్దరూ బందీ దగ్గర దొరికిన ఒక కవచం కోసం కొట్టుకుంటారు, వాళ్ళ మనుషులు ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటారు, షాగ్రాట్ చేతిలో గోర్బాగ్ చస్తాడు. ఆ కవచం ఎవరి కొలతకు చేసిందో ‘ది హాబిట్’లో ఉంది. ఎప్పుడో ఒక ఎల్ఫు రాకుమారుడి కోసం చేసింది.